పిల్లితో చెప్పిన మాటలు

జూన్ 2, మంగళవారం

మా రేడియో స్టేషన్ డైరెక్టరుగారు ఎట్టకేలకు ఒప్పుకున్నారు. ఆదివారం పొద్దున పది నుంచి పదకొండు వరకు, ఇళ్ళలో కుక్కలూ పిల్లులూ చేసే వింత పనుల మీద ఫోన్-ఇన్ కార్యక్రమం. జనం ఫోన్ చేసి అడుగుతారు, పశువుల డాక్టరుగారు అక్కడికక్కడే సలహా చెప్తారు. "నాలుగు వారాలు చూద్దాం. ఫోన్లు మోగితే ఉంచుదాం, లేకపోతే పాత పాటలు వేసుకుందాం" అన్నారు డైరెక్టరుగారు. ఆయన మనసు మార్చుకునేలోగా గదిలోంచి బయటపడ్డాను.

ఇన్నేళ్ళూ మార్కెట్ ధరలు, నీళ్ళొచ్చే వేళలు, తప్పిపోయినవాళ్ళ ప్రకటనలు తయారుచేసి ఎవరెవరి నోటికో అందించాను. నాదని చెప్పుకోవడానికి ఇదే మొదటిది. గాల్లోకి వెళ్ళేది నా గొంతు కాదనుకోండి. నేనెప్పుడూ స్టూడియో అద్దానికి ఇవతలి మనిషినే. (ఎవరికి "అనుకోండి" అంటున్నానో. ఈ పుస్తకం చదివేది నేనొక్కదాన్నేగా.)

ఇంటికొచ్చి జడ్జికి చెప్పాను. నల్లటి ఒళ్ళూ, మెడకింద తెల్లటి పట్టీ చూసి మా పిల్లికి ఆ పేరు పెట్టింది మా ఆయనే. ఆయన చెవిన పడాలని కాస్త గట్టిగానే చెప్పాను. ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, "జడ్జీ, మంచిదేనని చెప్పు మీ అమ్మగారికి" అన్నాడు.

ఫిబ్రవరి నుంచీ మా ఇంట్లో వాదప్రతివాదాలన్నీ జడ్జిగారి ముందే. ఆయన నాతో మాట్లాడడు, నేను ఆయనతో మాట్లాడను. ఇంట్లో అరుపుల్లేవు, గోలల్లేవు. ఒక రకంగా ప్రశాంతంగానే ఉంది.

పడుకునే ముందు ఆరోజు మేలు చేసినవాళ్ళను ఒక్కసారి తలుచుకోవే అనేది మా అమ్మమ్మ. డైరెక్టరుగారు చల్లగా ఉండాలి.

జూన్ 4, గురువారం

పశువుల డాక్టరుగారు స్టూడియో చూడ్డానికొచ్చారు. రిటైరై చాలా కాలమైంది. మాట పొదుపు మనిషి. ఏం చెప్పినా తిరిగి ఒకటే అడుగుతారు: "దానికి ముందు ఏం జరిగింది?" కుక్క కరిచింది, దానికి ముందు ఏం జరిగింది? చిలక తిండి మానేసింది, దానికి ముందు ఏం జరిగింది? జంతువు ఏ పనీ ఊరికే చెయ్యదట, మనం చూడ్డం మొదలుపెట్టేదే ఆలస్యంగానట.

"మీరు కొంచెం ఎక్కువ మాట్లాడాలండీ. రేడియోలో నిశ్శబ్దం వస్తే వినేవాళ్ళు సెట్టు పాడైందనుకుంటారు" అన్నాను.

"ఆలోచించేటప్పుడు మాట్లాడ్డం నాకు రాదమ్మా" అన్నారు.

అద్దం వెనక మీటరు తల పట్టుకున్నాడు. మీటరంటే మా సౌండ్ ఇంజనీరు. మెషీన్ మీద ముల్లు పడిపోతే ప్రాణం పోయినట్టు చూస్తాడు కాబట్టి అందరికీ వాడు మీటరే.

జూన్ 5, శుక్రవారం

జడ్జి పొట్ట నాకి నాకి బోడి చేసుకుంది. ఎండలకేమో.

జూన్ 6, శనివారం

సాయంత్రం ఆయన బూట్లు తుడుచుకుంటూ జడ్జితో అన్నాడు: "జడ్జీ, ఆ ఊరి పోస్టు మళ్ళీ వచ్చింది. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పమన్నారు. ఈసారి వెళ్తాననే చెప్పబోతున్నాను. ఒక్కణ్ణే వెళ్తాను. అమ్మగారి ఉద్యోగానికేం ఇబ్బంది లేదని చెప్పు."

నేను పొయ్యి దగ్గరున్నాను. చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. పొయ్యి తగ్గించి, "జడ్జీ, ఆయన ఇష్టమని చెప్పు" అన్నాను.

ఇదే పోస్టు ఫిబ్రవరిలో వచ్చింది. పెద్ద ఊరు, పెద్ద హోదా. నా రేడియో ఉద్యోగం పోతుందని ఆయన నాకు చెప్పకుండానే వద్దని రాసిచ్చేశాడు. ఆయన ఆఫీసాయన భార్య కూరల దుకాణంలో కనబడి, "మీకోసం ఎంత త్యాగం చేశారండీ" అంటే నేను తెల్లమొహం వేశాను. ఇంటికొచ్చి, "నాతో ఒక్క మాట అనాలనిపించలేదా, నేనేమైనా అడ్డుగోడనా" అని కడిగేశాను. ఆయన మొహం చిన్నబుచ్చుకుని, "చేసినందుకు బాగానే చెప్పావు" అన్నాడు. నాతో ఆయన మాట్లాడిన ఆఖరి మాట అదే.

తప్పు ఎవరిదో ఎన్నిసార్లు తూచినా నావైపే న్యాయం కనిపిస్తోంది. తూచేది కూడా నేనే మరి.

వెళ్తే వెళ్ళనీ. నాకు కార్యక్రమం ఉంది.

జూన్ 7, ఆదివారం

ఇవాళ జరిగిందంతా వరసగా రాయాలి, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

సరిగ్గా పదికి మీటరు సిగ్నేచర్ ట్యూన్ వేశాడు. వారమంతా కూర్చుని ముచ్చటపడి చేసుకున్నాడు: ముందు కాలింగ్ బెల్, తర్వాత రెండు మొరుగుళ్ళు, ఆపైన వేణువు. పని చేసినవాళ్ళం అందరం విన్నాం, బాగుందన్నాం. ఒక్కరికీ తట్టలేదు. ఊళ్ళో రేడియో పెట్టుకున్న ప్రతి ఇంట్లోనూ కుక్క లేచి తలుపు మీద పడింది. మొదటి ఫోన్ ఒక పెద్దాయనది. వెనకాల కుక్క మొరుగుడికి ఆయన మాట వినపడి చావదు. "అయ్యా, ఆ గంట మీరేనా? నేను మూడుసార్లు తలుపు తీశాను" అన్నాడు. రెండో ఫోన్ అదే. మూడోదీ అదే. ఎవరూ సలహా అడగలేదు. డాక్టరుగారు మాత్రం శాంతంగా, "దానికి ముందు ఏం జరిగిందో తెలిసింది కదా" అన్నారు.

తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. డాక్టరుగారు మైకు ముందు మౌనంగా కూర్చున్నారు. ముల్లు పడిపోయింది. మీటరు నా వైపు తిరిగి, "అక్కా, స్టోర్‌రూమ్ ఫోన్ నుంచి మీరే చెయ్యండి. ఏదో ఒకటి అడగండి" అన్నాడు. మా స్టేషన్లో కొత్త కార్యక్రమానికి మొదటి ఫోన్లు మా వాళ్ళవే, అది ఎప్పటినుంచో ఉన్న అలవాటు. కాకపోతే ముందే రాసుకుంటాం. ఇవాళ ఆ సంగతి కూడా మరిచాను.

పాత టేపుల మధ్య నిలబడి, ముక్కు పట్టుకుని, గొంతు మార్చి మాట్లాడాను. కుక్క గురించి ఏదైనా కల్పిద్దామనుకున్నాను. నోటికి మా పిల్లే వచ్చింది. పేరొక్కటి మార్చగలిగాను.

"మా పిల్లి మినీ పొట్ట మీద వెంట్రుకలు నాకి పీకేసుకుంటోందండీ. మేమిద్దరం గదిలో ఉంటే బీరువా ఎక్కి దిగదు. మా ఆయన ఆఫీసు బూట్లలో పాడు చేస్తోంది."

"ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?"

"మేమిద్దరమే."

"మీరిద్దరూ మాట్లాడుకుంటారా?"

అబద్ధం చెప్పాలంటే ముందే తయారుగా ఉండాలి. నేను లేను. "పిల్లితో మాట్లాడతామండీ. వాన పడేలా ఉంది గొడుగు పట్టుకెళ్ళమని చెప్పు మినీ, అంటాను. ఆయనేమో, అవసరం లేదని చెప్పు మినీ, అంటారు."

డాక్టరుగారు అన్నారు: "అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టుందమ్మా. దుత్తకు చెవులుండవు, పిల్లికుంటాయి. పేరు పెట్టి పిలిస్తే తననే అనుకుంటుంది. మీ గొంతులో కోపం తెలుస్తుంది, తను చేసిన తప్పేమిటో తెలియదు. పాపం రోజూ బోనులో నిలబడుతోంది. మందేమీ లేదు. దానితో చెప్పే మాట ఆయనతో చెప్పండి. రోజుకొక్కటైనా."

ఫోన్ పెట్టేసి బయటికొస్తే లైన్లన్నీ మోగుతున్నాయి.

ఆయన రేడియో వినడు. ఆదివారం ఆ వేళకు వాకిట్లో స్కూటర్ కడుగుతాడు. వినే సమస్యే లేదు.

మీటరు మంచివాడు. డాక్టరుగారు మరీ మంచివారు. నన్ను పోల్చుకోలేదు.

జూన్ 9, మంగళవారం

ఆఫీసుకు ఫోన్ల మీద ఫోన్లు. కుక్కల గురించి కాదు. "పిల్లి అక్కయ్య ఏమైంది? ఆయనతో మాట్లాడిందా?" ఒకావిడ ఏడుస్తూ చేసింది, వాళ్ళింట్లో కూడా కుక్కపిల్లే రాయబారి అట. డైరెక్టరుగారు పొంగిపోయారు. "ఆ పిల్లి ఆవిడ నంబరుందా? ఈ వారం మళ్ళీ చేయించు. బాగైపోయిందని చెప్పించు. జనానికి ఊరట కావాలి" అన్నారు.

సరేనన్నాను. ఇంకేమంటాను. మీటరు పక్కకొచ్చి, "కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి కథ తెలుసుగా అక్కా" అన్నాడు. వాడి మాట నేను పట్టించుకోను.

జూన్ 12, శుక్రవారం

రోజుకొక్క మాట అన్నారు డాక్టరుగారు. పొద్దున ఆయన చెప్పులేసుకుంటుంటే గుమ్మం దాకా వెళ్ళాను. "ఏమండీ" అనాలి, అంతే. నోరు తెరిచాను. "జడ్జీ" అని వచ్చింది.

జూన్ 14, ఆదివారం

గంట తీసేశాం. వేణువొక్కటే. ఫోన్లు ఊపిరి తిప్పుకోనివ్వలేదు. ఒకాయన కుక్క వాళ్ళ మామగారు వచ్చినప్పుడే సోఫా కిందకు దూరుతుందట. "మామగారు ఏం చేస్తారు?" "ఏమీ చెయ్యరండీ, పాటలు పాడతారు." "కుక్క తప్పేం లేదు" అన్నారు డాక్టరుగారు. స్టూడియో అంతా నవ్వులు. ఇంత మంది వాళ్ళ ఇంటి తలుపులు తెరిచి మాకు చూపిస్తున్నారు, ఎంత నమ్మకం. కృతజ్ఞతతో కడుపు నిండిపోయింది.

తర్వాత స్టోర్‌రూమ్‌కి వెళ్ళి ముక్కు పట్టుకున్నాను.

"మాట్లాడుతున్నామండీ. బాగా నయం. నిన్న ఆయన నాకు టీ కూడా పెట్టిచ్చారు. మూత పెట్టి మరీ."

అబద్ధమైనా చెప్తుంటే నోటికి తియ్యగా ఉంది. ఇంకా చెప్పాలనిపించింది.

జూన్ 15, సోమవారం

లేచి వచ్చేసరికి బల్ల మీద టీ కప్పు, సాసరు మూతపెట్టి ఉంది. ఆయన తనకోసం పెట్టుకుని, ఆఫీసు వేళై మరిచిపోయినట్టున్నాడు. పారబోయడం దేనికని తాగేశాను. పంచదార నాకు సరిపోయేంతే వేశాడు, కాకతాళీయంగా.

జూన్ 18, గురువారం

ఆయన పైనుంచి పెద్ద సూట్‌కేసు దించాడు. దులిపి ఎండలో పెట్టాడు. జడ్జి వెళ్ళి అందులో పడుకుంది. లేపే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

జూన్ 21, ఆదివారం

ఇవాళ స్టోర్‌రూమ్‌లో కాస్త హద్దు మీరాను. ఆరేసిన నా బట్టలు ఆయన మడతపెట్టారని చెప్పాను. అక్కడితో ఆగవచ్చుగా. "మినీని ఒళ్ళో పెట్టుకుని పాట కూడా పాడుతున్నారండీ" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. పెళ్ళైన దగ్గర్నుంచి ఆ మనిషి నోట కూనిరాగం కూడా వినలేదు నేను.

"ఏం పాట?" అన్నారు డాక్టరుగారు.

"ఏదో పాతదండీ."

అటువైపు మౌనం. మీటరు గబగబా వేణువు పెట్టేశాడు.

జూన్ 22, సోమవారం

నా బట్టలు మడతపెట్టి మంచం మీద ఉన్నాయి. చేతులన్నీ లోపలికి మెలిపెట్టి, దిండుల్లా. ఏదో వెతుక్కుంటూ తీసి ఉంటాడు. మడతలు విప్పబుద్ధి కాలేదు. అలాగే బీరువాలో పెట్టుకున్నాను.

జూన్ 24, బుధవారం

సాయంత్రం ఆఫీసు నుంచి పెందలాడే వచ్చాను. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల ఎవరో పాడుతున్నారు. పాట అనడానికి లేదు, తలుపు కీచుమన్నట్టుంది. తొంగిచూశాను. ఆయన నేలమీద కూర్చుని జడ్జిని ఒళ్ళో పట్టుకుని పాడుతున్నాడు. జడ్జి చెవులు వెనక్కి పెట్టుకుని, అడకత్తెరలో పోకచెక్కలా బిగుసుకుపోయి ఉంది. మాటలు రానిచోట ఆయన తానే ఏదో కల్పించి పాడుతున్నాడు.

చప్పుడు చెయ్యకుండా వెనక్కొచ్చి వీధి చివరి దాకా నడిచాను.

వింటున్నాడు. మొదటి వారం నుంచీ వింటున్నాడు. టీ, బట్టలు, అన్నీ. ముక్కు పట్టుకుంటే మొగుడికి గొంతు తెలియదా. ఎంత తెలివితక్కువదాన్ని.

ముందు సిగ్గేసింది, తర్వాత కోపమొచ్చింది, ఆ తర్వాత మూడో ఇంటి గోడవైపు తిరిగి ఏడ్చాను. ఆ ఇంటావిడ కిటికీలోంచి "ఒంట్లో బాలేదా అమ్మా?" అని మంచినీళ్ళిచ్చింది. ఆవిడ పిల్లాపాపలతో పచ్చగా ఉండాలి.

ఇన్నాళ్ళకు ఒప్పుకుని రాస్తున్నాను. నాకోసం ఆ పోస్టు వదులుకున్నాడు, నేను ఒక్క మంచిమాట అనలేదు. చెప్పనందుకు కోపం న్యాయమే. కానీ ఆ కోపం కింద సంతోషం కూడా ఉంది, అది మాత్రం ఆయనకు చూపించలేదు. ఆయన వెళ్ళడం నాకిష్టం లేదు. అసలిష్టం లేదు.

మంగళవారం నెలాఖరు.

జూన్ 26, శుక్రవారం

చెప్పలేదు. ఆయనా చెప్పలేదు. సూట్‌కేసులో చొక్కాలు.

జూన్ 27, శనివారం

రేపు ఫోన్లో చెప్తాను. వింటాడుగా. అదే సుఖం.

జూన్ 28, ఆదివారం. మధ్యాహ్నం

కార్యక్రమం ఉంటుంది. ముందు ఆ మాట రాసేస్తాను. మొదటి అరగంట ఫోన్లు చూశాకే డైరెక్టరుగారు ఇక నాలుగు వారాల లెక్క వద్దు, ఏడాదంతా నడపండి అన్నారు. థాంక్సండీ అని స్టోర్‌రూమ్‌లోకి వెళ్ళాను.

ఈసారి ముక్కు పట్టుకోలేదు.

"ఎలా ఉందమ్మా మినీ?" అన్నారు డాక్టరుగారు.

"బాగుందండీ."

"పొట్ట మీద వెంట్రుకలొచ్చాయా?"

అది అడుగుతారనుకోలేదు. పొద్దునే చూశాను. ఇంకా బోడిగా, ఎర్రగా ఉంది. "రాలేదండీ" అన్నాను.

"మీరు చెప్పినవన్నీ నిజమైతే ఈపాటికి నూగైనా రావాలే."

పాత టేపుల వాసన. అన్నాను ఇక: "ఆయనకు మీరు చెప్పండి డాక్టరుగారూ. ఆ పోస్టు నాకోసం వదులుకున్నందుకు నేను కోప్పడ్డానే గానీ, లోపల ఎంత సంతోషపడ్డానో చెప్పండి. ఆయన పెట్టిన టీ తాగానని చెప్పండి. వెళ్ళొద్దని చెప్పండి. మీరు చెప్తే వింటారు, మీరంటే..."

"అమ్మా" అన్నారాయన మధ్యలోనే. "నేను పిల్లిని కాను."

ముల్లు పూర్తిగా పడిపోయి ఉంటుంది. మీటరు వేణువు పెట్టలేదు. ఊరంతా ఆ నిశ్శబ్దం విన్నది.

"ఈ ఫోన్ పెట్టెయ్యండి. ఆ మాటలు ఇంటికెళ్ళి ఆయనతో చెప్పండి. కార్యక్రమం సంగతి మేం చూసుకుంటాం" అన్నారు. కార్యక్రమం సంగతి అన్నారంటే నేనెవరో తెలుసన్నమాట. ఎప్పటినుంచి తెలుసో ఆయన్నే అడగాలి, రేపు.

బస్సులో నిలబడే వచ్చాను. సీట్లు ఖాళీగానే ఉన్నాయి.

ఆయన వంటింట్లో ఉన్నాడు. స్కూటర్ కడిగిన చేతులు తడిగా ఉన్నాయి. రేడియో నడుస్తోంది, డాక్టరుగారు ఎవరి చిలక గురించో చెప్తున్నారు. నన్ను చూసి ఆపేశాడు. రెండో చేతిలో ఫోన్ ఉంది. జడ్జి బీరువా మీద నుంచి మా ఇద్దర్నీ చూస్తోంది. దానివైపు చూడకూడదని గట్టిగా అనుకున్నాను.

"ఏమండీ" అన్నాను.

"ఆఁ, చెప్పు" అన్నాడు.

అంతే. ఇన్ని నెలలు రాని మాట అంత చిన్నది. తర్వాత బస్సులో అనుకున్నవన్నీ కలగాపులగంగా వచ్చేశాయి. ముందు చెప్పాల్సింది తర్వాత, తర్వాత చెప్పాల్సింది ముందు. ఆయన మధ్యలో అడ్డం రాలేదు. అయ్యాక, "నేనూ రేడియోకి ఫోన్ చేశాను. పోయిన వారం, ఇవాళ కూడా. ఎప్పుడు చేసినా ఎంగేజే" అన్నాడు.

"ఎవరితో మాట్లాడదామని?"

"డాక్టరుగారితో. మా ఇంట్లో పిల్లి గురించి."

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి ముక్కులోంచి వచ్చాయి. ఆయన చొక్కా అంచు అందించాడు. చేతిరుమాలు సూట్‌కేసులో సర్దేశాడట.

"పోయినసారి నిన్నడక్కుండా వద్దన్నాను. ఈసారి నిన్నడక్కుండా సరేనందామనుకున్నాను. రెండుసార్లూ నీ మాట నేనే ఊహించుకున్నాను" అన్నాడు. "ఇప్పుడడుగుతున్నా. నువ్వేమంటావు?"

"వెళ్ళొద్దండీ" అన్నాను.

ఎందుకని అడగలేదు. సరేనని కూడా అనలేదు. నా మొహంలోకే చూస్తూ, "ఇంకోసారి అను" అన్నాడు.

అన్నాను.

ఇవాళ మేలు తలుచుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టను. డాక్టరుగారు, మీటరు, ఏడ్చిన ఆ ఆవిడ, నీళ్ళిచ్చిన ఆవిడ, పాడు చేసిన బూట్లతో సహా జడ్జి. అందరికంటే ముందు రాయాల్సిన మనిషిని ఈ మేళ్ళ లెక్కలో ఇంతవరకు ఒక్కసారి కూడా రాయలేదు. లోపలి నుంచి పిలుస్తున్నాడు, అన్నం వడ్డించాడట, చల్లారిపోతుందట. పిలిచేది జడ్జిని కాదు, నన్నే. వెళ్ళాలి.